ఒక్క అడుగు

శరీరం సహకరించని వయసులో పని మానేయాలా? పట్టుబట్టి పాత పద్ధతిలోనే కొనసాగించాలా? మన విహారాల్లో, సంఘాల్లో తరచూ ఎదురయ్యే ప్రశ్న ఇది. దీనికొక జవాబు అమెరికాలోని ఒక చిత్రశాలలో కనిపిస్తుంది.

న్యూ మెక్సికో రాష్ట్రంలోని తావోస్ చిన్న పట్టణం. అక్కడి హార్వుడ్ మ్యూజియంలో 1997లో ఎనిమిది మూలల గది ఒకటి తెరిచారు. అందులో ఏడు చిత్రాలున్నాయి. వాటిని వేసిన ఆగ్నెస్ మార్టిన్‌కు అప్పటికి 85 ఏళ్లు. అంతకు మూడు నాలుగేళ్ల ముందు వేసిన ఆ చిత్రాలను ఆమె మ్యూజియానికి దానంగా ఇచ్చారు. వాటిలో మనిషి లేడు, చెట్టు లేదు, కథ లేదు. లేత నీలం, తెలుపు పట్టీలు, సన్నని పెన్సిల్ గీతలు, అంతే. పేర్లు మాత్రం ‘స్నేహం’, ‘మామూలు సంతోషం’ వంటివి.

ఏళ్ల తరబడి ఆమె ఆరడుగుల చదరపు కాన్వాసు మీదే పనిచేశారు. ఎనభై దాటాక దాన్ని ఐదడుగులకు తగ్గించుకున్నారు. పెద్ద కాన్వాసును ఒంటరిగా ఎత్తి జరపడం కష్టమైంది. అందుకే కొలత తగ్గించారు, పని మాత్రం మానలేదు. 2004లో 92వ ఏట మరణించారు.

ఆకలీ అవమానమూ ఉన్నచోట ఈ గీతలెందుకని మనవాళ్లు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. ఆ గీతలు కులాన్ని నిర్మూలించవు. మనం నేర్చుకోవలసింది ఆ ఒక్క అడుగు నుంచి. జెన్, తావో చింతనలను ఇష్టపడినా ఆమె బౌద్ధురాలు కాదు. అయినా అనిత్యాన్ని ఒప్పుకోవడం, సమ్యక్ వ్యాయామాన్ని వదలకపోవడం రెండూ అందులో ఉన్నాయి.

కపిలవస్తులో శాక్యుల కొత్త సభాభవనంలో బుద్ధ భగవానుడు నడుము నొప్పిగా ఉందని చెప్పి, బోధను ఆనందుడికి అప్పగించారు. గొంతు మారింది, ధమ్మం ఆగలేదు. బాబాసాహెబ్ తీవ్ర అనారోగ్యంలోనూ, 1956 డిసెంబరు 5 రాత్రి కూడా ‘బుద్ధుడు ఆయన ధమ్మం’ ముందుమాట మీద పనిచేశారు.

మరి మనం? మైకు వదలం, పదవి వదలం, విహారం తాళంచెవి వదలం. ఎవరైనా అడిగితే అలిగి ఇంట్లో కూర్చుంటాం. ఈ రెండు అంతాల నడుమ మధ్యమ మార్గం ఒకటుంది.

అయితే ఒక జాగ్రత్త అవసరం. ఆమె కాన్వాసును ఇంకొకరు కత్తిరించలేదు. పెద్దవాళ్ల కొలత పిల్లలు నిర్ణయిస్తే అది అనిత్య జ్ఞానం కాదు, అమర్యాద. ఉద్యమానికి జీవితం ధారపోసినవారిని పక్కకు నెట్టే హక్కు ఎవరికీ లేదు. అందుకే యాభై దాటిన మనమే, ఎవరూ చెప్పకముందే, మన అడుగు ఏదో కొలుచుకోవాలి. మిగిలిన ఐదడుగుల్లో నిండుగా పనిచేయాలి.