వేటమాంసము ఎవరికి క్షేమము?



ఇస్సాకు తన పెద్ద కుమారుని ఎక్కువగా ప్రేమించుటకు ఆదికాండము 25వ అధ్యాయములో చెప్పబడిన కారణము చాల చిన్నది. అతడు తెచ్చు వేటమాంసము తండ్రికి ఇష్టము, అంతే. ఆ రుచి ఆ ఇంటిని ఎంత దూరము నడిపించెనో 27వ అధ్యాయము చదివినవారు ఎరుగుదురు. కన్నులు మసకబారిన ఆ వృద్ధుడు తన ముందు పెట్టినది అడవి జంతువో మందలోని మేకపిల్లయో తిని కూడ కనుగొనలేకపోయెను. ఇంత త్వరగా ఎట్లు దొరికెనని ఒక మాట అడిగెను. జవాబు విని, సందేహముతోనే తినెను. మన పళ్లెములోనికి వచ్చినది ఎక్కడిదో, ఎట్లు చచ్చినదో తెలియకయే తినువారము నేటికిని అనేకులము.

మనలో కొన్ని ప్రాంతములవారు మేకమాంసమునే వేటమాంసమందురు. నేను చెప్పునది దానిని గూర్చి కాదు. అడవిపంది, దుప్పి, కుందేలు, కౌజు, ఉడుము మొదలగువాటిని గూర్చి. “అయ్యగారూ, అది తినవచ్చునా, ఒంటికేమైన ప్రమాదమా?” అని అడుగువారు మన సంఘములలో నున్నారు. 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చినది మొదలు అనుమతి లేని వేట నేరము, ఆ మాంసమును అమ్ముటయు కొనుటయు నేరమే. ఇది అందరికి తెలిసినదే గనుక దీనిని పొడిగింపను. అడిగిన ప్రశ్నకు ముందు జవాబు చెప్పవలెను.

మనవారు సాధారణముగా చెప్పునది, “బాగుగా ఉడికిన పిమ్మట ఏ రోగము మిగులును?” అని. ఇది సగము నిజము. అడవిపంది కండలో ట్రైకినెల్లా అను కంటికి కనబడని పురుగు ఉండవచ్చును. ముక్క లోపలివరకు బాగుగా ఉడికినయెడల అది చచ్చును. కాని ఉప్పుకండలు వేసి ఎండబెట్టుట వలనగాని, పొగమీద వ్రేలాడదీయుట వలనగాని అది తప్పక చచ్చునని నమ్మరాదు. ఉత్తరాఖండ కొండ గ్రామములలో సరిగా ఉడకని అడవిపంది మాంసము తిని జనులు ఈ రోగమున పడినట్లు వైద్యులు వ్రాసియున్నారు.

ఇక మిగిలిన సగము. నాటు తుపాకిలో పోయు సీసపు రవ్వలు ఎముకకు తగిలి పొడియై, గాయమునకు దూరమున ఉన్న కండలోనికి కూడ చొచ్చుకొనిపోవును. సీసము పురుగు కాదు, ఉడికించిన చచ్చుటకు. చింతపండు పులుసులో మరింత కరుగును కూడ. సీసము ఇంతవరకు హాని చేయదని చెప్పదగిన కొలత ఏదియు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. చిన్నపిల్లల బుద్ధికిని, గర్భములోని శిశువునకును అది మిక్కిలి చెరుపు. ఇంటిలో మెత్తని ముక్క ఏరి ఎవరికి పెట్టుదుమో ఆలోచించుడి.

మరికొందరు వడ్లలో గుళికల మందు కలిపి కౌజులను, కొంగలను చంపుదురు. అది పొలములోని పురుగును చంపుటకు చేసిన విషము. పిట్టను కోసి కడిగినంత మాత్రమున అది పోవునని నమ్ముటకు వీలులేదు. అడవిలో చచ్చి పడియున్న జంతువును తెచ్చి పంచుకొనుట అన్నిటికంటె భయంకరము. ఆంత్రాక్స్ అను దొమ్మరోగముతో చచ్చినదైతే కోసిన చేతికే అంటును. ఆ రోగబీజములు మన పొయ్యిమీది ఉడుకునకు లోబడునని చెప్పలేము, నేలలో ఏండ్ల తరబడి బ్రదికియుండును. దానంతట అది చచ్చినదానిని, మృగములు చీల్చినదానిని తినవద్దని ఇశ్రాయేలీయులకు నిర్గమకాండము 22వ అధ్యాయములోను, ద్వితీయోపదేశకాండము 14వ అధ్యాయములోను ఆజ్ఞ యుండెను. ఆ ఆజ్ఞ పరిశుద్ధతను గూర్చినదే. అయినను దానిని గైకొనినవారి పిల్లలకు దాని మేలు ఒంటికి కూడ కలిగియుండును.

ఇంతవరకు చెప్పినది తినువాని క్షేమము. అయితే ఒంటికి ప్రమాదము లేకున్నయెడల సరిపోవునా?

ఇచ్చట చదువుకొనిన సహోదరులు మొదటి కొరింథీయులకు 10వ అధ్యాయము తెరచుదురు. కటికవాని అంగడిలో అమ్మునది ఏదియు విచారింపక తినుడని పౌలు చెప్పలేదా అందురు. చెప్పెను. కాని అతడు చెప్పినది విగ్రహమునకు అర్పింపబడినదా కాదా అను సందేహమును గూర్చి. విగ్రహము వట్టిదని ఎరిగినవాడు గనుక ఆ సందేహమును త్రోసివేసెను. మూడు వచనముల తరువాత, ఎవడైన నీకు తెలియజేసినయెడల అతని నిమిత్తము తినవద్దనియు చెప్పెను. మనకు తెలియజేయువారు ఎవరో ఒకరు ఎప్పుడును ఉన్నారు.

రాత్రివేళ చేను చుట్టు ఇనుపతీగ కట్టి కరెంటు స్తంభమునుండి కొక్కెము తగిలించుదురు. పంది చచ్చును. నీళ్లు మళ్లించుటకు పోయిన పాలేరును చచ్చును. ఇట్టి మరణములు మన జిల్లాల పత్రికలలో ఏటేట చదువుచున్నాము. చచ్చినవారు బహుగా కూలివారు, కౌలుదారులు. గొయ్యి త్రవ్వి మూయక విడిచినవాడు అందులో పడిన పొరుగువాని ఎద్దుకు వెల చెల్లింపవలెనని నిర్గమకాండము 21వ అధ్యాయము. ఎద్దుకే అంత విచారణ యున్నది.

రైతు బాధ నేనెరుగుదును. ఒక్క రాత్రి పందులు దిగినయెడల వేరుశనగ చేను దున్నినట్లగును, అప్పు మాత్రము అట్లే నిలుచును. పంటను పాడుచేయు జంతువును గూర్చి అటవీ అధికారికి అర్జీ పెట్టుకొనుటకు ఆ చట్టములోనే త్రోవ యున్నది. అది నడుచుటకు కాళ్లరుగునని అందురు, నిజమే. అయినను ఆ త్రోవలో విధవలు మిగులరు. అడవి అంచున కుందేటికి ఉచ్చు పెట్టుకొను నిరుపేదను, టౌనునుండి మోటారు సైకిలుమీద వచ్చి రెట్టింపు ధర ఇచ్చువానిని నేను ఒక్కటిగా ఎంచను. ఆ ధర లేకున్నయెడల సగము తీగలు కట్టబడవు.

“నేను తీగ కట్టలేదు, కొంటిని మాత్రమే” అనువారు రెండవ సమూయేలు 23వ అధ్యాయము చూడవలెను. బేత్లెహేము బావినీళ్లు త్రాగవలెనని దావీదు ఆశపడగా ముగ్గురు పరాక్రమవంతులు శత్రువుల దండును చీల్చుకొని పోయి తెచ్చిరి. ఆ నీళ్లలో ఏ దోషమును లేదు. తెచ్చినవారు క్షేమముగా తిరిగివచ్చిరి కూడ. అయినను అవి మనుష్యుల ప్రాణముతో సమానమని అతడు త్రాగక యెహోవాకు పారబోసెను. ఆ ముగ్గురు నొచ్చుకొనిరని వ్రాయబడలేదు.

సంఘస్థులు ప్రేమతో పాదిరికి పాలు పంపుట మంచి ఆచారమే. కోత పండుగకు మా ఇంటికి తెచ్చువారు నాటుకోడిని తెండి, గుమ్మడికాయనైనను తెండి. అడవి మాంసమైతే ఎక్కడిదని గుమ్మములోనే అడుగుదును, ఎవరును చిన్నబుచ్చుకొనవద్దు.

ఇదివరకే తినినవారికి ఒక మాట. తినిన వారము రెండు వారములలో జ్వరము, కండరముల నొప్పి, కన్నుల చుట్టు వాపు వచ్చినయెడల, లేక మాంసము కోసిన చేతిమీద నొప్పిలేని నల్లని పుండు లేచినయెడల, పసరుతో కాలము గడుపక ఆస్పత్రికి పొండి. కేసు అగునని భయపడి, ఏమి తింటిరని డాక్టరు అడిగినప్పుడు కోడి అని చెప్పవద్దు. డాక్టరు పోలీసు కాడు. ఆ ఒక్క మాట తెలియనియెడల ఆయన వేరొక జ్వరమునకు మందిచ్చును. అదే పంటిలో తినిన ఇరుగుపొరుగువారికిని చెప్పుడి.