సాయిబు కొడుకు ఘట్‌కేసర్ పోతే

అబ్బా చాలీస్వా నాడు ఫాతెహా అయ్యింది. అన్నాలు తిని అందరూ అరుగు మీద కూర్చున్నాక ఊరి పెద్దమనుషులు నా ముందు ఒక తాళంచెవి పెట్టారు. పీర్ల కొట్టం తాళంచెవి.

ఆలేరుకూ జనగామకూ మధ్య, రైలు పట్టాలకు కొంచెం లోపలికి మా ఊరు. మావి ఒకప్పుడు పదకొండు ఇళ్లు. ఇప్పుడు ఒక్కటే. అందులో అమ్మీ ఒక్కతే. మా దాదా ముజావర్, ఆయన తర్వాత అబ్బా. "ఇగ నువ్వే రావాలె బిడ్డా. నువ్వు రాకుంటే పీర్లెవరు లేపుతరు?" అన్నాడొకాయన. చిన్నప్పటి నుంచి నేను మామా అని పిలిచిన మనిషి. ఆయన కళ్లల్లో నీళ్లున్నాయి. అవి అబద్ధపు నీళ్లు కావు.

నేనుండేది ఘట్‌కేసర్‌లో, అద్దె ఇంట్లో. పొద్దున్నే బండెక్కి సికింద్రాబాద్ పోవడం, చీకటి పడ్డాక తిరిగి రావడం. పద్దెనిమిదేళ్లుగా సీజన్ పాసు బతుకు. బిడ్డ ఇంటర్ చదువుతోంది. ఊళ్లో ఎకరంన్నర చెల్క ఉంది. వానపడితే పత్తి, లేకపోతే పల్లేర్లు.

ఊరికి తిరిగిపోవాలా? శివారులోనే ఉండిపోవాలా?

లౌకికవాది మిత్రుణ్ని అడిగాను. పీర్ల పండగ మీద కవిత్వం కూడా రాశాడు. "పోవాలి. లేకపోతే ఆ కలిసి బతికిన సంస్కృతి అంతా చచ్చిపోతుంది" అన్నాడు. మా గల్లీ మసీదులో ఒక పెద్దాయన్ని అడిగాను. "ఆ కొట్టం జోలికి పోకు. అది దీన్‌లో లేని పని" అన్నాడు. ఇద్దరూ మంచివాళ్లే. కానీ నేనక్కడ ఏం తిని బతకాలో, నా బిడ్డ ఏ కాలేజీకి పోవాలో ఇద్దరిలో ఒక్కరూ అడగలేదు. ఒకాయనకు నేను సంస్కృతిని. ఇంకొకాయనకు నేను అఖీదాను. మనిషిగా నేను ఇద్దరికీ కనిపించలేదు.

ఊరు నాకేమిచ్చిందో మరిచిపోయేంత కృతఘ్నుణ్ని కాను. మొహర్రం పది రోజులూ మా ఇల్లు ఊరందరి ఇల్లు. హసన్, హుసేన్ పీర్లను ఎత్తుకునేది గొల్లలు, గౌండ్లు, మాదిగలు. దట్టీలు, కుడుకల దండలు ఊరివే. గుండం చుట్టూ అలాయి ఆడేవాళ్లలో మావాళ్లెందరని లెక్కబెడితే చేతివేళ్లు కూడా మిగిలిపోతాయి. అబ్బా ఊదు వేసి, మలీద పంచి, జడుసుకున్న పిల్లల మీద దువా చదివి ఊదేవాడు. ఆయన జనాజా మోసిన భుజాల్లో సగానికి పైగా కల్మా తెలియని భుజాలు.

కానీ అదే ఊళ్లో పదకొండో రోజు నుంచి మేం తురకోళ్లమే. యాటను కోయడానికి కావాలి, కొట్టం ఊడవడానికి కావాలి. పంచాయతీలో మాట చెప్పడానికి అక్కర్లేదు. పీర్లను మోసే గౌరవం అందరిదీ, ఊడ్చే చీపురు మాత్రం మాది. ఊరి ప్రేమ నిజమే. అది మా మీదా, మా పని మీదా? చాలీస్వా నాడు తాళంచెవి నా ముందు పెట్టేదాకా ఈ ప్రశ్న నాకు తట్టలేదు.

దాదా చెప్పేవాడు. 1948 సెప్టెంబర్‌లో పోలీస్ యాక్షన్ అయినప్పుడు ఆయన మూడు రాత్రులు ఒక గొల్లాయన గడ్డివాములో దాక్కున్నాడు. దాచిపెట్టింది ఊరివాళ్లే. వెతుక్కుంటూ వచ్చిందీ ఊరివాళ్లే. ఆ తర్వాత మా ఇళ్లలో నాలుగు పట్నం పోయాయి. వాళ్లు పోవడానికి ఎంచుకోలేదు. ప్రాణాలు పట్టుకుని పోయారు. అదే ఏడాది నవంబర్ 4న రాజ్యాంగ సభలో అంబేద్కర్ గ్రామాన్ని సంకుచితత్వానికీ మతతత్వానికీ గుహ అన్నాడు. పల్లెను తలుచుకుని కన్నీళ్లు పెట్టుకునేవాళ్లు ఆ మాటను దళితుల సంగతి మాత్రమే అనుకుంటారు. గడ్డివాములో మూడు రాత్రులు గడిపినవాడి సంగతి కూడా అదే.

అయితే శివారు స్వర్గమా? ఘట్‌కేసర్‌లో మొదటి ఇల్లు దొరకడానికి నాకు రెండు నెలలు పట్టింది. టూలెట్ బోర్డు ఉంటుంది. తాళం తీసి గదులు చూపిస్తారు. "పేరేంటి?" అంటారు. చెప్పగానే ఆ ఇల్లు అప్పటికే ఎవరికో మాటిచ్చినదైపోతుంది. ఒకావిడ కాస్త మర్యాదగా "మీరు నాన్‌వెజ్ తింటారు కదా" అంది. ఆదివారం మటన్ వాసన రాని ఇల్లు ఆ గల్లీలో ఒక్కటీ లేదు! 2006లో వచ్చిన సచార్ కమిటీ నివేదిక కూడా ముస్లింలకు అద్దె ఇళ్లు దొరకని సంగతిని రాసింది. అదే నివేదికలో ఇంకో లెక్క ఉంది. 2001 జనాభా లెక్కల ప్రకారం దేశం మొత్తంలో పట్టణాల్లో ఉన్నవాళ్లు నూటికి 28 మంది లోపే. ముస్లింలలో మాత్రం నూటికి 36 మంది దాకా ఉన్నారు. పట్నం మీద మోజుతోనే అంతమంది వచ్చారా? భూమి లేనివాడికి ఊరిలో వేరుండదు. చేతిపని ఎక్కడ అమ్ముడుపోతే అక్కడికి పోతాడు.

రైల్లో మాదొక జట్టు. డబ్బాలు పంచుకుంటాం, పండగలకు చందాలు వేసుకుంటాం. 2013 ఫిబ్రవరి 21న దిల్‌సుఖ్‌నగర్‌లో బాంబులు పేలాయి. మరునాడు పొద్దున నేను బండెక్కగానే మాటలు ఆగిపోయాయి. ఒకాయన పేపరు మడిచి సంచిలో పెట్టుకున్నాడు. ఎవరూ నన్ను ఏమీ అనలేదు. ఘట్‌కేసర్ నుంచి మౌలాలి దాకా ఎవరూ ఏమీ అనలేదు. మౌలాలి గుట్ట మీద హజ్రత్ అలీ పేరున్న దర్గాను కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను.

ఊళ్లో నా పని తెలుసు, పేరు అక్కర్లేదు. శివారులో నా పేరు తెలిస్తే చాలు, ఇంకేమీ అక్కర్లేదు. నేను ఎంచుకోవలసింది ఈ రెండింట్లోంచే.

ఇక్కడ నాకు హిజ్రత్ గుర్తొస్తుంది. 622లో ప్రవక్త పుట్టిన ఊరు మక్కా విడిచి మదీనా వెళ్లాడు. 630లో మక్కాలోకి విజేతగా తిరిగొచ్చాడు. అప్పుడు అడ్డుచెప్పే వాడెవడూ లేడు. కావాలంటే అక్కడే ఉండిపోవచ్చు. ఉండలేదు. తనను చేర్చుకున్న మదీనాకే తిరిగివెళ్లాడు. అక్కడే కన్నుమూశాడు, అక్కడే ఖబర్. పుట్టిన ఊరి మీద ప్రేమ లేక కాదు. ఊరు విడవడం ద్రోహం కాదని, చేర్చుకున్న చోటుకూ మనిషి రుణపడతాడని నేను అందులోంచి అర్థం చేసుకున్నాను.

మరి మా ఊరికి నా వలస ఎందుకు ద్రోహంలా కనిపిస్తోంది? పటేలు కొడుకు అమెరికా పోతే ఊరికి గర్వం. ఫ్లెక్సీ కడతారు. సాయిబు కొడుకు ఘట్‌కేసర్ పోతే ఊరికి నష్టం! పటేలు కొడుకును "నువ్వు పోతే మా ఊరి సంస్కృతి ఏం కావాలి" అని ఎవరూ అడగరు. సంస్కృతిని కాపాడే కూలీ ఎప్పుడూ కిందివాడే. ఊడ్చేవాడు లేకపోతే నిలవని సామరస్యంలో సగం చాకిరీ.

అందుకే అరుగు మీద ఆ మాటే చెప్పాను. "మామా, పీర్లను ఎత్తుకునే భుజాలు మీవే కదా. కొట్టం ఊడ్చే చెయ్యి కూడా మీదే కావాలె. నేను పండగకు వస్తా. ఆ పది దినాలు ఉంటా. ఫాతెహా ఇస్తా. కానీ ముజావర్ నౌకరీ చెయ్యను." చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఒక ముసలామె "సాయిబు లేని పీర్లు ఏం పీర్లయ్యా" అంది. ఆ మాట ఇప్పటికీ గుచ్చుతోంది. అది నన్ను కట్టేసే మాటా, నన్ను తన మనిషి అనుకున్న మాటా? రెండూ అయివుంటుంది.

చివరికి మాదిగవాడకట్టు కుర్రవాడొకడు తాళంచెవి తీసుకున్నాడు. చిన్నప్పుడు అబ్బా వెంట తిరిగినవాడే. ఇంకో చెవి చేయించి నాకు ఇచ్చాడు.

అమ్మీ మాత్రం రానంది. అబ్బా ఖబర్ చుట్టూ గోడ లేదు. మేమందరం వెళ్లిపోతే కబ్రస్తాన్ ఎవరి పొలంలో కలుస్తుందో ఆమెకు తెలుసు. ఇంకోవైపు శివారులో నేను ఇల్లు కట్టుకున్నా నన్ను పూడ్చడానికి ఆరడుగుల జాగా ఎక్కడో నాకు తెలియదు. ఊరు నన్ను పనితో కాక మనిషిగా పిలిచిన రోజు, శివారు నా పేరు విని కూడా ఇల్లు చూపించిన రోజు, ఈ రెండింటిలో ఏది మంచిదో నేను కూడా అందరిలాగే తీరిగ్గా ఆలోచించుకుంటాను. అప్పటిదాకా దీన్ని నా ఇష్టం అనకండి.