కళ్లములో లెక్క

చదువవలసిన వాక్యభాగములు: 2 సమూయేలు 24; లూకా 14:28–33; 15:3–7

గత ఫిబ్రవరి మాసములో, మిరపకోతల దినములలో, నేను మా పాస్టరేటులోని ఒక గ్రామమునకు వెళ్లితిని. కూడిక ముగిసిన పిమ్మట సంఘపెద్ద ఒకాయన నన్ను ప్రక్కకు పిలిచి, “అయ్యగారూ, మా పిల్లవాడి సంగతి మీరొకసారి చూడాలి” అనెను. త్రాగుడో, చెడు స్నేహమో అని నేను భయపడితిని. అది కాదు. గుంటూరులో డిగ్రీ చదువుచున్న కుమారుడు సెలవులకు ఇంటికి వచ్చి, కళ్లములో కాయలకు కావలి పండుకొని, తెల్లవారువరకు ఏదో యుద్ధపు ఆట ఆడుచున్నాడట. ఆ ఆట కొరకు ట్యాంకుల చరిత్ర అంతయు చదువుచున్నాడట. “ప్రార్థన చేసే ఇంట్లో ఈ చంపుకోవడాలేంటండీ? ఇది పాపమో కాదో మీరే చెప్పండి” అని ఆ తండ్రి అడిగెను.

ఆ సాయంకాలము నేను కళ్లమునకు వెళ్లితిని. ఎకరము మేర ఎర్రని కాయలు పరచియుండెను. స్త్రీలు వరుసగా కూర్చుండి తాలుకాయలు ఏరుచుండిరి. పిల్లవాడు లేచి, గోనెపట్టా పరచి, “కూర్చోండి అయ్యగారూ” అనెను. నేను గద్దింపలేదు. “నాకును చూపించు నాయనా” అంటిని.

అది నేననుకొనినట్టు రక్తము కనబడు ఆట కాదు. పైనుండి చూచిన పటమువలె కొండలు, వాగులు, వంతెనలు ఉన్నవి. వాటి మధ్య చీమలంత ట్యాంకులు. ఆడువాడు సేనాధిపతి. ఏ దళమును ఎటు పంపవలెనో అతడే నిర్ణయించును. దీనిలో గెలువగోరి ఆ పిల్లవాడు నేర్చినది కొంచెము కాదు. ట్యాంకునకు ముందు కవచము దళసరి, ప్రక్కలను వెనుకను పలుచన. గనుక ఎదురుగా పోక ప్రక్కనుండి కొట్టవలెను. మిట్టమీద నిలిచిన ట్యాంకు దూరమునుండి కనబడును. కాలిబంట్లు తోడు లేని ట్యాంకు గ్రుడ్డిదానితో సమానము. వెనుకనుండి చమురు రాకపోయిన యెడల ఎంత గొప్ప ట్యాంకైనను ఇనుపముద్దయే. ఈ సంగతులన్నియు అతడు నాకు బడిపంతులువలె బోధించెను.

“అసలు దీనికి ట్యాంకు అను పేరేమిటి? మన ఊరిలో నీళ్ల ట్యాంకు ఉన్నది గదా” అని అడిగితిని. అతడు నవ్వి చెప్పెను. మొదటి ప్రపంచయుద్ధములో ఆంగ్లేయులు ఈ యంత్రమును రహస్యముగా చేయించుచు, సంగతి బయటపడకుండునట్లు ఇవి నీళ్లు మోయు ట్యాంకులని చెప్పిరట. ఆ పేరే నిలిచిపోయెను. 1916 సెప్టెంబరు 15న ఫ్రాన్సు దేశములో సోమ్ నది ప్రాంతమున అవి మొదటిసారి యుద్ధములో దిగెను. అనేకము దారిలోనే చెడి నిలిచిపోయెను.

అంతకుముందటి సంగతి రైతులైన మనకు మరింత దగ్గరిది. తొలకరి వానకు నల్లరేగడిలో ట్రాక్టరు దిగబడుట మీరెరుగుదురు. అమెరికాలోని కాలిఫోర్నియాలో బెంజమిన్ హోల్ట్ అను యంత్రనిర్మాతకు ఇదే చిక్కు వచ్చెను. అక్కడి మెత్తని నేలలో అతని బరువైన ట్రాక్టర్లు కూరుకొనిపోవుచుండెను. 1904లో అతడు చక్రములు తీసివేసి, నేలమీద పరచుకొనుచు పోవు పట్టాలను అమర్చెను. బరువు విస్తారముగా పరచుకొనినందున యంత్రము దిగబడలేదు. ఆ ట్రాక్టర్లు యుద్ధములో ఫిరంగులను లాగుట చూచినవారికి, వీటికి కవచము తొడిగిన ఏమగునను ఆలోచన కలిగెను. ఇంగ్లండులో తొలి ట్యాంకును 1915లో కట్టినదియు లింకన్ పట్టణమందలి వ్యవసాయ యంత్రముల కర్మాగారమే. కత్తులు నాగటి కర్రులగు దినమును యెషయా చూచెను (2:4). కర్రులు కత్తులగు దినమును యోవేలు చెప్పెను (3:10). ఆ రెండవ మాట మన కాలమునకు ఎంత సమీపమో ఆ కళ్లములో నాకు తెలిసెను.

“మరి మన దేశములో ట్యాంకు యుద్ధములు జరిగినవా?” అంటిని. అతడు అసల్ ఉత్తర్ కథ చెప్పెను. 1965 సెప్టెంబరు 8 మొదలుకొని 10 వరకు పంజాబులోని ఖేమ్‌కరణ్ యొద్ద పాకిస్తాను ట్యాంకులు లోపలికి వచ్చెను. వారి ప్యాటన్ ట్యాంకులు మన వాటిలో పెక్కింటికంటె క్రొత్తవి. మనవారు వెనుకకు జరిగి, గుర్రపులాడమువలె మూడువైపుల మాటు వేసి, చెరకు తోటలలో ట్యాంకులను దాచి, పొలములకు నీరు విడిచిరి. ప్యాటన్లు ఆ బురదలో చిక్కుకొనెను. అబ్దుల్ హమీద్ అను సిపాయి, కవచము లేని జీపుమీద ఫిరంగి పెట్టుకొని, పైరు చాటునుండి అనేక ట్యాంకులను కొట్టి, 10వ తేదీన తానును కూలెను. అతనికి పరమవీరచక్ర ఇచ్చిరి. శత్రువులు పోగొట్టుకొనిన ట్యాంకులు 97 అని భారత సైన్యపు లెక్క.

నాకు వెంటనే న్యాయాధిపతుల గ్రంథము 4, 5 అధ్యాయములు జ్ఞాపకము వచ్చెను. సీసెరాకు 900 ఇనుప రథములుండెను. అవి ఆనాటి ట్యాంకులు. కీషోను వాగు పొంగగా అవి పనికిరాకపోయెను. మూడువేల ఏండ్లకు పైగా గడిచినను బురద బురదయే, ఇనుము ఇనుమే. పిల్లవాడు కన్నులు పెద్దవి చేసి, “ఇది బైబిల్లో ఉందా అయ్యగారూ?” అనెను. ఎన్నిమారులు విన్నాడో ఆ పాఠము! యుద్ధము నేర్చిన పిమ్మట గాని అతనికి అది వినబడలేదు.

గనుక ప్రియులారా, యుద్ధవిద్యను తెలిసికొనుట దానంతట అదే పాపమని నేను చెప్పజాలను. చదరంగము మనదేశపు ఆట. ఆ పేరుకు నాలుగంగముల సేన అని అర్థము. 1824లో ప్రష్యా దేశమున రైస్విట్జ్ అను అధికారి పటముమీద ఆడు యుద్ధపు ఆటకు నియమములు ప్రకటింపగా, అక్కడి సేనానులు దానితో శిక్షణ పొందిరి. మన ప్రభువే శిష్యత్వపు వెలను బోధించుచు, 20,000 మందితో వచ్చు రాజును 10,000 మందితో ఎదుర్కొనగలనా అని కూర్చుండి ఆలోచించు రాజును ఉపమానముగా చెప్పెను. ఆ రాజు లెక్క వేసి ఏమి చేసెను? శత్రువు ఇంకను దూరముగా ఉన్నప్పుడే రాయబారము పంపి సమాధానము వెదకెను. యుద్ధమెట్టిదో బాగుగా ఎరిగినవాడే సమాధానపు విలువ ఎరుగును.

అయితే ఆట అనునది చిన్నదనియు అనుకొనరాదు. పలనాటి వీరుల కథ మనలో ఎరుగనివారు లేరు. కోడిపందెములో ఓడినవారు ఏడేండ్లు రాజ్యము విడిచిపోవలెనను పందెమునుండి పగ ముదిరి, తుదకు కారంపూడి యొద్ద ఒక తండ్రి బిడ్డల పక్షములు ఒకరినొకరు హతము చేసికొనిరని ఆ కథ చెప్పుచున్నది. అక్కడ ఆట యుద్ధమాయెను. ఇక్కడ యుద్ధము ఆట ఆయెను. రెండింటికిని మధ్య ఉన్నది మనుష్యుని హృదయమే గనుక దానినే పరీక్షింపవలెను.

ఆ పరీక్ష ఆ సాయంకాలమే వచ్చెను. ఆటలో ఒక వంతెన దగ్గర అతడు ఆగి, “ఇక్కడ నాలుగు ట్యాంకులు పోగొట్టుకుంటే చాలు అయ్యగారూ, వంతెన మనదే” అనెను. అది తెలివైన ఎత్తే. నేను, “ఒక ట్యాంకులో ఎందరుందురు?” అంటిని. “ఇది షెర్మన్. ఐదుగురు. నాయకుడు, గురిపెట్టేవాడు, గుండు నింపేవాడు, నడిపేవాడు, వాడికి సాయం ఉండేవాడు” అని తడుముకొనక చెప్పెను. “అట్లయిన నాలుగింటిలో?” అంటిని. అతడు “ఇరవై” అని, ఆ మాట అనిన పిమ్మట వ్రేలు కదపలేదు. కాయలు ఏరు స్త్రీలలో ఒకామె, “ఇరవైమంది తల్లులు” అని తనలో తాననుకొనినట్టు పలికెను.

దావీదును గూర్చి అప్పుడు వారందరికి చెప్పితిని. అతడు కత్తి దూయు యోధులను లెక్కింపుమని యోవాబును పంపెను. యోవాబు కఠినుడైనను వలదనెను. తొమ్మిది నెలల ఇరువది దినములకు లెక్క తేలెను: ఇశ్రాయేలులో 8,00,000, యూదాలో 5,00,000. లెక్క చేతికి వచ్చిన తరువాత రాజు మనస్సు అతని గద్దించెను. తెగులు వచ్చి 70,000 మంది చనిపోయిరి. ఆ దూత ఎక్కడ నిలిచెను? అరౌనా కళ్లమునొద్ద. అక్కడ దావీదు నోట వచ్చిన మాట గమనింపుడి. అంతవరకు యోధులుగా, అంకెలుగా కనబడినవారిని అప్పుడు అతడు గొఱ్ఱెలని పిలిచెను; పాపము చేసినది నేను, వీరేమి చేసిరని మొరపెట్టెను. రాజు తిరిగి కాపరి అయిన చోటు ఒక కళ్లము. ఆ స్థలముననే తరువాత దేవాలయము కట్టబడెను (2 దినవృత్తాంతములు 3:1).

నేను ఇంతవరకు చెప్పి తృప్తిపడియుండగా ఆ పిల్లవాడు అమాయకముగా అడిగెను: “మీరు కూడా సంఘాన్ని లెక్క రాసి పంపుతారు కదా అయ్యగారూ?” ఆ ప్రశ్న నన్ను గుచ్చెను. నేను ఆ సంవత్సరపు నివేదికలో ఆ గ్రామమునకు 84 కుటుంబములని వ్రాసితిని. అంకె సరియైనదే. కాని ఆ 84లో ఒక విధవరాలి గడపను నేను పదకొండు నెలలుగా తొక్కలేదు. మరునాటి ఉదయము వెళ్లితిని. ఆమె క్రిస్మసునకు ముందునుండి మంచముమీద ఉన్నది. నన్ను చూచి, “వచ్చారా అయ్యగారూ” అని, నిందింపక, తలగడ క్రిందినుండి ఒక గుడ్డమూట తీసెను. అది కోతపండుగ కానుక. నడిచి రాలేక దాచియుంచెను. నా నివేదికలో ఆమె ఉన్నది. నా ప్రార్థనలో లేదు. ట్యాంకులను లెక్కించు పిల్లవానికి బోధించుటకు పోయినవాడు తానే దావీదని ఆ మంచము ప్రక్కను తెలిసికొనెను.

లెక్క వేయుట మానవలెనా? కాదు. లూకా 14వ అధ్యాయములో రాజు వేలను లెక్కించుచున్నాడు. దాని ప్రక్కనున్న 15వ అధ్యాయములో కాపరియు లెక్కించుచున్నాడు. నూరు లెక్కింపనివానికి ఒకటి తప్పినదని ఎట్లు తెలియును? రాజు, ఉన్నవి చాలునా అని లెక్కించును. కాపరి, లేనిది ఏది అని లెక్కించును. ఒకే అంకె, ఒకే పట్టీ, హృదయములు రెండు. మన రైతులు లెక్కగా మారిన దినములను మన పెద్దలు మరువలేదు. 1987–88లో తెల్లదోమ వలన పత్తి పోయి, గుంటూరు, ప్రకాశము జిల్లాలలో అప్పులపాలైన రైతులు ప్రాణములు తీసికొనగా, పత్రికలలో వారు ఇందరని వచ్చెను. ఆ ఇండ్లలో మాత్రము పోయినవాడు ఒక్కడే, నాన్న.

శత్రువునకును ఒక ఇల్లున్నదని మరువరాదు. సీసెరా ఓటమిని పాడిన దెబోరా కీర్తనలోనే, కిటికీలోనుండి కుమారుని కొరకు చూచుచున్న అతని తల్లి కనబడుచున్నది. 1971 డిసెంబరు 16న బసంతర్ యొద్ద ట్యాంకు యుద్ధములో అరుణ్ ఖేతర్‌పాల్ అను 21 ఏండ్ల అధికారి, మంటలంటుకొనిన తన ట్యాంకును విడిచిరాక పోరాడి మరణించెను. అతనికిని పరమవీరచక్ర ఇచ్చిరి. ముప్పది ఏండ్లకు, 2001లో, వృద్ధుడైన అతని తండ్రి తాను పుట్టిన ఊరు చూడగోరి పాకిస్తానునకు వెళ్లెను. అక్కడ ఒక విశ్రాంత బ్రిగేడియరు, ఖ్వాజా మొహమ్మద్ నాసర్, ఆయనను ఇంట ఉంచుకొని ఎంతో మర్యాద చేసెను. ఆయన వెడలిపోవుటకు ముందు, మీ కుమారుడు మరణించినది నా చేతనే అని ఒప్పుకొనెను. పటముమీద అది ఒక ట్యాంకు మరియొక ట్యాంకును కొట్టుట. ఆ గదిలో అది ఒక తండ్రియు, ముప్పది ఏండ్లు ఆ భారము మోసిన ఒక మనుష్యుడును.

ఆ పిల్లవాడు తుదకు, “ఆట మానేయమంటారా?” అని అడిగెను. రాత్రి నిద్రను, చదువును తినివేయుచున్నది గనుక తండ్రి చెప్పిన వేళకు ఆపుమంటిని. ఆడినప్పుడు, పోయిన ప్రతి ట్యాంకునకు లోపలివారిని లెక్కించుమంటిని. “నీకు లెక్క బాగుగా వచ్చును. మన సంఘపు పట్టీ తీసికొని, మూడు నెలలుగా ఎవరు కనబడలేదో చూడుము, ఇద్దరము కలిసి ఆ ఇండ్లకు పోవుదము” అంటిని. మేము ఇప్పటివరకు తొమ్మిది ఇండ్లకు వెళ్లితిమి.

తలిదండ్రులారా, మీ బిడ్డల ఆటను చూడకయే తీర్పు తీర్చకుడి. ప్రక్కను కూర్చుండి ఒక్క ప్రశ్న అడుగుడి. యౌవనులారా, నేర్చుకొనుడి, అయితే మనుష్యుని అంకెగా చేయు తెలివిని మీలో పెరుగనియ్యకుడి. సంఘపు లెక్కలు వ్రాయు నావంటివారలారా, టిక్కీలు లెక్కించినట్టు ఆత్మలను లెక్కింపకుడి. మన తలవెండ్రుకలను సహితము లెక్కించియున్న తండ్రి మనలను మొత్తములో కలిపివేయలేదు. ఆయన లెక్కలో ప్రతివాడును ఒక్కడే.

ప్రభువా, మా కన్నులకు అంకె వెనుకనున్న ముఖమును కనుపరచుము. ఆమేన్.