చెవిని కూలికి అమ్మవచ్చునా?



ఒక మనిషి తన శ్రమను కూలికి ఇస్తాడు. అది న్యాయమే. ఆ శ్రమతోపాటు తన చెవులను కూడా పోగొట్టుకుని రావలసివస్తే, "నీవు ఒప్పుకునే పనిలోకి వచ్చావు కదా" అని యజమాని అనవచ్చునా? ఈ వారం ఈ ప్రశ్నను మీ ముందు ఉంచుతున్నాను.

ఇది మనకు దూరమైన విషయం కాదు. నూజెండ్ల, వినుకొండ, బొల్లాపల్లి ప్రాంతమంతా మెట్టనేల. వానలు లేని ఏడాది పని ఎక్కడ దొరికితే అక్కడికి వెళ్ళక తప్పదు. బండ్లమోటులో ఒకప్పుడు హిందుస్తాన్ జింకు సంస్థవారి సీసపు గని నడిచింది. కనుక భూమిలోపలి పని ఈ ప్రాంతానికి కొత్త కాదు. మనకు పడమట దోర్నాల దగ్గర, వెలిగొండ ప్రాజెక్టు కోసం శ్రీశైలం జలాశయం నుండి కొండ కిందుగా దాదాపు 19 కిలోమీటర్ల పొడవున జంట సొరంగాలు తవ్వారు. మొదటి దాని తవ్వకం 2021లో, రెండవ దాని తవ్వకం 2024లో పూర్తయింది. గని నిర్మాణమైనా, నీటి సొరంగమైనా లోపల పని ఒకటే: రాతిని తొలచాలి, పేల్చాలి, ఎత్తి బయటకు పొయ్యాలి.

బయట పొలంలో ఇంజను మోగితే ఆ మోత నాలుగు దిక్కులకూ పోతుంది. సొరంగంలో అది పోవడానికి దారి లేదు. గోడకు కొట్టుకుని మళ్ళీ మనిషి మీదికే వస్తుంది. గాలిపీడనంతో నడిచే డ్రిల్లు, గాలి పంపే పెద్ద ఫ్యాను, రాతిని ఎత్తే యంత్రం అన్నీ ఒకేసారి మోగుతాయి. డ్రిల్లు పట్టుకున్నవాని చెవి దగ్గర మోత 110 డెసిబెల్సు కూడా దాటుతుంది. ఎనిమిది గంటల పనికి 85 డెసిబెల్సు మించరాదని అమెరికాలోని వృత్తి ఆరోగ్య సంస్థ 'నియోష్' చెబుతున్నది. మన దేశపు ఫ్యాక్టరీ నిబంధనలు 90 వరకు అనుమతించాయి. నియోష్ లెక్కలో మోత 3 డెసిబెల్సు పెరిగిన ప్రతిసారీ, చెవి తట్టుకోగల సమయం సగానికి పడిపోతుంది. ఆ లెక్కన 100 డెసిబెల్సు దగ్గర పావుగంట, 109 దగ్గర రెండు నిమిషాలు కూడా లేదు. మన కూలీ పని చేసేది ఒక షిఫ్టు మొత్తం!

లోపలి చెవిలో శబ్దాన్ని పట్టుకునే సన్నని రోమకణాలు ఉంటాయి. ఒక్కొక్క చెవిలో అవి సుమారు 15,000. పెద్ద మోతకు అవి నలిగి చనిపోతాయి. చనిపోయినది మళ్ళీ పుట్టదు. ఏ మందూ దానిని తిరిగి తేలేదు. ముందుగా పోయేది సన్నని స్వరాలు. మాట వినిపిస్తుంది గాని 'స', 'శ', 'చ' వంటి అక్షరాలు తెలియవు. పిల్లల గొంతు, ఆడవారి గొంతు ముందుగా మసకబారుతాయి. "మొదట్లో మోత భరించలేకపోయాను, ఇప్పుడు అలవాటైంది" అని ఎవరైనా చెబితే సంతోషించకండి. చెవి మోతకు అలవాటు పడదు. అలవాటైనట్లు తోచిందంటే వినికిడి తగ్గిపోతూ ఉండవచ్చు.

2025 ఫిబ్రవరి 22న శ్రీశైలం ఎడమగట్టు సొరంగం కూలి ఎనిమిదిమంది లోపల చిక్కుకున్నప్పుడు దేశమంతా ఆ వార్తను చూసింది. చూడవలసినదే. కాని చెవుడు అలా రాదు. నెత్తురు కారదు, నొప్పి ఉండదు, పత్రికలో పడదు. పదేళ్ళ తరువాత ఇంట్లో ఒక మూల కూర్చున్న మనిషి ఎవరితోనూ మాట్లాడడు, అంతే. కనబడని హాని గనుక అది హాని కాకుండా పోతుందా?

"ఒప్పుకునే వచ్చాడు" అనే మాటకు జవాబు పాతదే. 1891లో 13వ లియో పోపుగారు వెలువరించిన 'రేరుం నొవారుం' అనే విశ్వలేఖ రెండు సంగతులు చెప్పింది. అవసరం వల్లనో భయం వల్లనో మనిషి కఠినమైన షరతులకు తలవంచితే, దానిని స్వేచ్ఛగా చేసుకున్న ఒప్పందం అనరాదు. అది అన్యాయానికి లొంగిపోవడమే. గనులలో, రాతి క్వారీలలో పనిచేసేవారి పనిగంటలు, ఆ పని ఆరోగ్యానికి చేసే చేటును బట్టి తగ్గాలి. డెసిబెల్సు కొలిచే పరికరాలు లేని కాలంలో చెప్పిన ఈ మాట, ఈనాటి లెక్కలతో సరిగ్గా కలుస్తున్నది.

మరి ఏమి చేయాలి? చెవిలో బిరడా పెట్టి పంపడం సులువు. అది చివరి ఉపాయమే గాని మొదటిది కాదు. 30 డెసిబెల్సు ఆపగల బిరడాను ఎనిమిది గంటలలో ఒక్క అరగంట తీసివేసినా, రోజు మొత్తంలో దక్కే రక్షణ 12కు పడిపోతుంది. పైగా బిరడా పెట్టుకుంటే తోటివాని కేక వినబడదేమోనని కూలీ భయపడతాడు. మొదట మోతను పుట్టిన చోటనే తగ్గించాలి. డ్రిల్లుకూ ఫ్యానుకూ సైలెన్సర్లు బిగించాలి. అరిగిన భాగాలు మార్చాలి. గాలితో నడిచే డ్రిల్లు బదులు హైడ్రాలిక్ యంత్రాన్ని తెచ్చి, నడిపేవానిని మూసిన క్యాబినులో కూర్చోబెట్టాలి. ఆ తరువాత మనుషులను వంతులవారీగా మార్చాలి. బిరడా వీటన్నిటి వెనుక రావాలి. ఖర్చు అవుతుంది, నిజమే. ఆ ఖర్చు యజమాని పెట్టకపోతే కూలీ తన చెవులతో చెల్లిస్తున్నాడు. ఖర్చు తప్పలేదు, పెట్టేవాడు మారాడంతే.

ఆ సొరంగం నీరు తాగేవారము, ఆ గని లోహం వాడేవారము కూడా ఈ లెక్కలో ఉన్నాము. "పని ఎప్పటికి పూర్తవుతుంది?" అని అడుగుతాము. "ఎలా చేస్తున్నారు?" అని కూడా అడగడం మన బాధ్యత.

మీ ఇంటినుండి ఎవరైనా ఇటువంటి పనికి వెళుతుంటే, చేరకముందే వినికిడి పరీక్ష చేయించండి. ఆ కాగితం దాచి ఉంచండి. ఏటా ఒకసారి మళ్ళీ చేయించి పోల్చి చూడండి. మోతవల్ల కలిగిన వినికిడి లోపాన్ని 1923 నాటి నష్టపరిహార చట్టం వృత్తిరోగాల పట్టికలో చేర్చారు. 2020 నాటి సామాజిక భద్రతా చట్టంలోనూ అది ఉన్నది. కాగితం లేకపోతే ఆ హక్కును నిరూపించుకోవడం కష్టం.

చివరగా ఒక మాట. ఇంటికి తిరిగి వచ్చిన ఆ మనిషిని "చెవిటివాడు" అని ఎగతాళి చేయకండి. ఎదురుగా కూర్చుని, ముఖం కనబడేలా, నెమ్మదిగా మాట్లాడండి. మన ఇంటి అన్నం కోసమే ఆయన ఆ మోతలో నిలబడ్డాడు.