దుమ్ము లేని గని

ఇండియా నుంచి చుట్టాలొస్తే మనం వాళ్లను ఎక్కడికి తీసుకుపోతామో ఈ పత్రిక చదివేవారికి చెప్పనక్కరలేదు. శనివారం తెల్లవారుజామునే పులిహోర డబ్బాల్లో సర్దుకుని కారెక్కుతాం. సెవెర్న్ వంతెన దాటకముందే పిల్లలు నిద్రపోతారు. మధ్యాహ్నానికి టవర్ ఆఫ్ లండన్‌లో క్యూలో నిలబడి, కిరీటాల ముందు కదిలే పట్టా మీద సాగిపోతూ కోహినూరును అర నిమిషం చూసి, "మన కొల్లూరు గనిలో దొరికిందేనట, ఎక్కడికొచ్చి కూర్చుందో చూడండి" అని నిట్టూర్చి బయటికొస్తాం. ఆరేళ్లలో మేము ఆ రాయిని ఐదుసార్లు చూశాం. కొల్లూరు గనిలో దాదాపు అరవై వేలమంది, ఆడా మగా పిల్లలూ, పనిచేస్తున్నారని 17వ శతాబ్దంలో టావెర్నియే అనే ఫ్రెంచి వర్తకుడు రాసిపెట్టాడు. వాళ్ల ఊసు ఆ ఐదుసార్లలో ఒక్కసారీ మా నోట రాలేదు.

మేముండేది సౌత్ వేల్స్ లోయల్లో. బ్లెనావన్‌లోని బిగ్ పిట్ బొగ్గుగని మా ఇంటికి ఇరవై నిమిషాల దారి. 1980లో మూతబడి, 1983లో జనం దిగి చూసేందుకు మళ్లీ తెరుచుకున్న గని అది. మేము ఒక్కసారీ వెళ్లలేదు. దగ్గరే కదా, ఎప్పుడైనా చూడవచ్చు అనుకున్నాం. అసలు కారణం అది కాదేమో. ఇంటికొచ్చినవాళ్లకు బొగ్గుగని చూపిస్తే, "ఇంత దూరం వచ్చింది దీనికా" అంటారన్న సంకోచం కూడా ఉంది.

ఒకరోజు ఛాతీ క్లినిక్కులో ఎనభై దాటిన పెద్దాయన ఎక్స్‌రే చూస్తున్నాం. పదిహేనో ఏట గనిలో దిగి, ముప్ఫై ఏళ్లు బొగ్గు కొట్టిన మనిషి. ఊపిరితిత్తుల పైభాగమంతా మచ్చలు. మనం పుస్తకాల్లో న్యూమోకోనియోసిస్ అని చదువుకున్నదాన్ని ఇక్కడివాళ్లు "డస్ట్" అంటారు, అంతే. "ఆయనకు డస్ట్ ఉంది" అంటే లోయలో అందరికీ అర్థమవుతుంది. ఆయన చొక్కా గుండీలు పెట్టుకుంటూ, "బిగ్ పిట్‌లో ఎప్పుడైనా దిగారా డాక్టరుగారూ?" అని అడిగాడు. లేదన్నాం. "వచ్చి ఎన్నాళ్లయింది?" ఆరేళ్లన్నాం. ఆయన ఇంకేమీ అనలేదు. మిగతా గుండీలు పెట్టుకుని వెళ్లిపోయాడు.

ఆ మౌనం మమ్మల్ని చాలా రోజులు వదల్లేదు. మనం ఇక్కడికి ఎలా వచ్చామో ఆలోచించండి. ట్రెడెగర్‌లో గని కార్మికులు జీతంలోంచి కొంత తీసి వైద్య సహాయ సంఘం నడుపుకున్నారు. చిన్నతనంలోనే గనిలో దిగిన ఆ ఊరి మనిషి అన్యూరిన్ బెవన్ మంత్రి అయి, 1948లో దేశానికంతటికీ ఉచిత వైద్యాన్ని ఏర్పాటు చేశాడు. ఈ లోయల్లోనే వైద్యం చేసిన జూలియన్ ట్యూడర్ హార్ట్ 1971లో ఒక మాట రాశాడు. వైద్యం అవసరం ఎక్కువున్న చోటే మంచి వైద్యం తక్కువగా దొరుకుతుందని దాని సారాంశం. ఇక్కడి డాక్టర్లు రావడానికి ఇష్టపడని ఊళ్లలో 1960ల నుంచి మన పెద్దలు సర్జరీలు తెరిచి కూర్చున్నారు. మన ఇంటి వాయిదాలూ, పిల్లల పియానో పాఠాలూ ఆ బొగ్గు మీదే నడుస్తున్నాయంటే అతిశయోక్తి కాదు. అన్నం పెట్టిన చోటును చూడటం సరదానా, బాకీనా?

మా ఆవిడ దీనికి ఒప్పుకోలేదు. "పదిమంది కష్టపడి చచ్చిన చోటికి కెమెరా పట్టుకుని పోవడం బాకీ తీర్చడమెలా అవుతుంది? ఆబర్‌ఫాన్‌కు కూడా అలాగే పోదామా?" అంది. 1966 అక్టోబరు 21న ఆబర్‌ఫాన్‌లో గని మట్టిగుట్ట జారి బడి మీద పడి 116 మంది పిల్లలు, 28 మంది పెద్దలు పోయారు. దానికి మా దగ్గర జవాబు లేదు. మన ఊళ్లో పూరిళ్లకు ఎవరైనా ఫోటోలు తీసుకుంటుంటే మనకు ఒళ్లు మండదూ? కాకపోతే బిగ్ పిట్‌లో దారి చూపేవాళ్లు ఆ పని చేసినవాళ్లే. రమ్మని పిలుస్తున్నది వాళ్లే. పిలిచిన ఇంటికి పోకపోవడం కూడా మర్యాద కాదు కదా అన్నాం. అర్ధమనసుతో బయల్దేరింది. నాన్నగారూ, అమ్మా అప్పటికి వచ్చి ఉన్నారు.

గడియారాలు, ఫోన్లు పైనే పెట్టించారు. నిప్పురవ్వ పుట్టించే వస్తువేదీ లోపలికి పోకూడదు. హెల్మెట్, దీపం, నడుముకు బ్యాటరీ కట్టి, ఇనుప పంజరంలాంటి లిఫ్టులో తొంభై మీటర్ల కిందికి దించారు. గుర్రాల కొట్టాలు చూపించారు. తలుపులు తీయడానికీ మూయడానికీ చీకట్లో కూర్చునే పిల్లల సంగతి చెప్పారు. పదేళ్లలోపు మగపిల్లలనూ, ఆడవాళ్లనూ గనిలోకి దించకూడదని చట్టం వచ్చింది 1842లోనే. దారి చూపే ఆయన అందరినీ దీపాలు ఆర్పమన్నాడు. చెయ్యి ముఖం ముందు ఆడించినా కనపడని చీకటి. ఎవరో పిల్ల కిసుక్కున నవ్వింది. దీపాలు వెలిగాక చూస్తే అమ్మ మా ఆవిడ చెయ్యి పట్టుకుని ఉంది. పైకొచ్చాక నాన్నగారు టీ తాగుతూ, "వజ్రం కంటే ఇదే బాగుందిరా" అన్నారు. మాకు కొంచెం గర్వంగానే అనిపించింది.

ఆ గర్వం మూడు వారాలుంది. పెద్దాయన మళ్లీ క్లినిక్కుకు వచ్చినప్పుడు, అడగకుండానే, చూసొచ్చాం అన్నాం.

"శుభ్రంగా ఉంది కదూ?" అన్నాడాయన. నవ్వబోయి దగ్గులో పడ్డాడు. దగ్గు తగ్గాక, యంత్రం తిరుగుతుంటే పక్కవాడి కేక కూడా వినపడేది కాదనీ, దీపం వెలుతురులో కూడా దుమ్మే కనపడేదనీ చెప్పాడు.

నిజమే. మేము చూసిన గనిలో దుమ్ము లేదు. దుమ్మును మేము రోజూ ఎక్స్‌రేలో చూస్తూనే ఉన్నాం, కానీ అక్కడ గని లేదు. ఈ రెంటినీ ఒక్కచోట చూసింది ఆయనలాంటివాళ్లే. అయితే దిగకపోయినా ఒకటేనా? ఒకటి కాదనే మాకు తోస్తోంది. దిగకముందైతే "శుభ్రంగా ఉంది కదూ" అన్న మాట మాకు చెప్పేవాడే కాడు. చూడటం వల్ల బాకీ తీరలేదు, బాకీ ఎంతో కొంచెం తెలిసింది.

ఆయన వెళ్తూ, "మీ దేశంలో బొగ్గుగనులు ఎలా ఉంటాయి?" అని అడిగాడు. మేము వరంగల్‌లో వైద్యం చదువుకున్న రోజుల్లో నాలుగైదుసార్లు రాములవారి దర్శనానికి వెళ్లాం. రైలు దిగే స్టేషను పేరు భద్రాచలం రోడ్. ఆ స్టేషనున్నది భద్రాచలంలో కాదు, నలభై కిలోమీటర్ల ఇవతల, సింగరేణి బొగ్గుకు పేరుపడ్డ కొత్తగూడెంలో. దిగగానే బస్సు సీటు కోసం పరుగెత్తేవాళ్లం. అక్కడ గని ఎంత లోతో, దుమ్ము ఎంతో మాకు తెలియదని ఆయనతో చెప్పాం. ఈసారి ఆయన మౌనంగా ఉండలేదు. "అయితే చూసొచ్చి నాకు చెప్పండి" అన్నాడు. డిసెంబరులో టికెట్లు కొన్నాం.

ఈ వేసవి విహారానికి కార్యవర్గం వారు బారీ ఐలండ్ సముద్రతీరం అనుకుంటున్నట్టు విన్నాం. బిగ్ పిట్ పేరు కూడా చీటీల్లో వేయమని కోరుతున్నాం. మీటరు ఎత్తు లేని పిల్లలను కిందికి దించరు. వాళ్లను పైన చూసుకోవడానికి ఇద్దరు కావాలి, అందులో ఒకరం మేముంటాం. పులిహోర పైనే తినాలి. ఎండాకాలమైనా స్వెట్టర్లు మరవకండి, కింద చలి.