పెద్దది చిన్నదానిని మ్రింగుట దేవుని నియమమా?



అప్పు క్రింద పొలము పోగొట్టుకొనిన సహోదరుడొకడు నన్నిట్లడిగెను: "అయ్యగారూ, చెరువులో పెద్ద చేప చిన్న చేపను మ్రింగును. మా ఊరి షావుకారూ అదే చేసెను. ఇది దేవుడు పెట్టిన నియమమేనా?" నేను వెంటనే జవాబియ్యలేకపోతిని.

కొంతకాలమునకు ఖైరతాబాదు వెళ్లి హుస్సేన్ సాగర్ ఒడ్డున నిలిచితిని. 1562 ప్రాంతమున ఇబ్రహీం కులీ కుతుబ్ షా కాలమున కట్టిన చెరువిది. బల్కాపూర్, బంజారా నాలాలు పట్టణపు మురుగును దీనిలోనికి తెచ్చినవి. ఇట్టి మురుగును శుద్ధిచేయు కేంద్రములలో నీటి తొట్లలోనికి గాలి ఊదుదురు. అక్కడ బాక్టీరియా మురికిని తినును. కంటికి కనబడని ఏకకణజీవులు ఆ బాక్టీరియాను వేటాడి తినును. 1968లో కర్డ్స్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడును అతని సహచరులును పరీక్షించి చూడగా, ఈ వేటగాళ్లు లేని తొట్టినుండి మడ్డినీరును, అవి ఉన్న తొట్టినుండి తేటనీరును వచ్చెను. కాబట్టి ఆ వేటను చెడ్డదని నేననను. సింహపు పిల్లలకు ఆహారమిచ్చువాడు దేవుడేయని 104వ కీర్తన కూడ తెలుపుచున్నది.

అయితే మరియొకటి వినుము. రష్యా దేశస్థుడైన గౌజే 1934లో ప్రకటించిన పరీక్షలలో, ఒక గాజుగొట్టమందు పారమీసియమును, దానిని తిను డిడీనియమును ఉంచెను. డిడీనియము వాటినన్నిటిని తినివేసి, పిమ్మట తానును ఆకలిచే చచ్చెను. అడుగున మడ్డియున్న గొట్టములో మాత్రము కొన్ని పారమీసియములు దానిలో దాగి, వేటగాడు చచ్చిన తరువాత మరల వృద్ధిపొందెను.

షావుకారు తుదకు నష్టపోవును గనుక అన్యాయము కూడదని నేను చెప్పుటలేదు. అతడు నూరేండ్లు సుఖముగా బ్రదికినను అది అన్యాయమే. డిడీనియమునకు తాను తినుదాని కన్నీరు తెలియదు. "ఇక చాలు" అనుట దానికి రాదు. మనిషికి రెండును వచ్చును. ఆకలిని దేవుడిచ్చెను, పొరుగువాని పొలమును మ్రింగుమని ఆయన ఎవరికిని చెప్పలేదు.

ఈ మాట ఆ సహోదరునితో చెప్పితిని. అతడు కొంతసేపూరకుండి, "మరి నేను దాగుటకు మడ్డి ఎక్కడున్నదయ్యా?" అనెను.

చదువరీ, ఆ ప్రశ్న మన సంఘమునకు వేసినది. మన తల్లులు వంటకు ముందు పిడికెడు బియ్యము తీసి ఉంచుదురు గదా. ఆలాగే కోతకాలమున ప్రతి యింటివారు కొంత ధాన్యము కూర్చియుంచినయెడల, వచ్చే సంవత్సరము మనలో ఒకడైనను తన పొలపు కాగితము పట్టుకొని షావుకారు గుమ్మమెక్కనక్కరలేదు. ఈ కోతకే మొదలుపెట్టుదము.