మంచులో నాలుగవవాడు



దువ్వూరులో చలి అంటే ఎంత? సంక్రాంతి రోజులలో తెల్లవారుజామున కె.సి. కాలువ వైపు నుంచి వీచే గాలి, ఒక దుప్పటి, పొయ్యి దగ్గర కాసేపు. పొద్దెక్కితే అదీ ఉండదు. మనలను నిజంగా పరీక్షించేది ఎండ. అందుకే అమెరికాలో ఉన్న కొడుకో కూతురో మంచులో నిలబడి ఫోటో పంపితే, "ఎంత చల్లగా ఉన్నారో, అదృష్టవంతులు" అని మురిసిపోతాము.

ఆ ఫోటో వెనుక ఏముందో ఎప్పుడైనా ఆలోచించారా? మన కడప మేత్రాసన గురువుగా ఉండి, 2022లో కార్డినల్ అయిన పూల అంతోని గారు బిషప్ కాకముందు కొన్నేళ్లు సేవచేసిన చికాగో నగరాన్నే తీసుకోండి. 2019 జనవరి 30న అక్కడ చలి సున్నాకు దిగువన 30 డిగ్రీలు దాటింది. అంతటి చలిలో కప్పుకోని చర్మం నిమిషాలలో దెబ్బతింటుంది. డిసెంబరులో సాయంత్రం నాలుగున్నరకు ముందే సూర్యుడు అస్తమిస్తాడు. మొదటి మంచు పడిన రోజు మన పిల్లలు చిన్నబిడ్డలవలె సంతోషిస్తారు. ఫిబ్రవరి వచ్చేసరికి అదే మంచును పారతో తోడి తోడి విసిగిపోతారు. అందం చూసి దేవుని స్తుతించిన నోటితోనే, "ఈ చలి ఎప్పుడు పోతుందో" అని నిట్టూర్చుతారు.

ఇది పాపమా? కాదు. దానియేలు గ్రంథం మూడవ అధ్యాయం చదవండి. అగ్నిగుండంలో పడవేయబడిన ముగ్గురు యువకులు సృష్టినంతటినీ దేవుని స్తుతించమని పిలిచారు. అగ్నిని, వేడిని పిలిచారు. చలిని, మంచును కూడ పిలిచారు. తిరుసభ నేటికీ ఆ కీర్తనను ఆదివారాలలో, పండుగలలో ప్రభాత ప్రార్థనగా పాడుతున్నది. మన ఎండ, మన పిల్లల మంచు ఒకే పాటలో చేరాయి.

ఇంకొక సంగతి గమనించండి. దేవుడు ఆ గుండాన్ని ఆర్పివేయలేదు. ముగ్గురిని త్రోసిన చోట రాజుకు నలుగురు కనిపించారు. దేవుడు వారి మధ్యకు తోడును పంపాడు. మంటలలోనే వారికి చల్లగాలి తగిలింది. మంచు కురిసే దేశంలోనూ ఆయన పద్ధతి ఇదే. చలికాలాన్ని ఆయన తీసివేయడు, నాలుగవవాడిని పంపుతాడు. తన వాకిలితో పాటు పక్కింటి ముసలమ్మ వాకిలి కూడ తోడిపెట్టేవాడు ఆ నాలుగవవాడే. అక్కడ మంచు గడ్డకట్టిన దారులలో ఎవరూ జారి పడకుండ ఉప్పు చల్లుతారు. ఉప్పు తగిలితే గడ్డ కరుగుతుంది. మీరు లోకానికి ఉప్పు వంటివారని ప్రభువు అన్న మాటకు అక్కడి వీధులే వ్యాఖ్యానం.

ప్రియ తల్లిదండ్రులారా, ఇక్కడ కూర్చునే మీరు కూడ నాలుగవవారు కావచ్చును. ఫోనులో బిడ్డ, "అమ్మా, చీకటిగా ఉంది, ఒంటరిగా ఉంది" అన్నప్పుడు, "అంత జీతం వస్తుంటే చలి ఒక లెక్కా?" అని నోరు మూయించకండి. డబ్బు ఎప్పుడు పంపుతావని అడిగే ముందు, తిన్నావా, నిద్రపట్టిందా, ఆదివారం పూజకు తోడు ఎవరైనా ఉన్నారా అని అడగండి. కువైటు ఎండలో పనిచేసే బిడ్డనూ అలాగే అడగండి. విదేశాలలో చదివే బిడ్డలారా, మీరు కూడ నవ్వే ఫోటోలు మాత్రమే పంపకండి. బరువును దాచితే మోయడానికి మేము ఎలా రాగలము?

ఈ రాత్రి జపమాల ముగించాక దూరాన ఉన్న మీ బిడ్డ పేరు పలికి, "ప్రభువా, అక్కడ నాలుగవవాడిగా నిలువుము" అని వేడుకోండి. ఆ తరువాత తప్పక ఫోను చేయండి.